వెర్లిన్ ఇత్తడి గుల్లలు, ఆర్డిస్ చిల్లుల గిన్నె

వెర్లిన్ హోవ్‌డెన్ తుపాకీ పేల్చేది ఖాళీ గుల్లల కోసమేనని మా ఊళ్ళో ఒక నమ్మకం. మిగతావాళ్ళు పేల్చాక గురి తగిలిందా లేదా అని అట్ట వైపు చూస్తారు. వెర్లిన్ మాత్రం తూటా గుల్ల ఎక్కడ పడిందా అని గడ్డి వైపు చూస్తాడు. గుడ్లు పెట్టే చోటు మార్చిన కోడిని వెతుక్కుంటున్నవాడిలా నడుం వంచి ఏరుకుంటాడు. మళ్ళీ మందు నింపి తూటాలు చేసుకోవడానికి. తనవే కాదు, పక్కవాళ్ళు వదిలేసినవి కూడా. అయితే అడిగే ఏరుతాడు, అంత మర్యాద ఉంది.

రైలు పట్టాల పక్కనున్న గోధుమల గోదాములో జీవితమంతా పనిచేసి దిగిపోయాడు. గింజ పంటికింద వేసి తేమ ఎంతుందో చెప్పేవాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. ఇంట్లో ఆయనొక్కడూ, గరాజులో ఆయన పీపా, ఇదీ సంసారం.

పీపా అంటే కరెంటు మీద తిరిగే చిన్న రబ్బరు పీపా. అందులో కాల్చేసిన ఇత్తడి గుల్లలు, నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క, నిమ్మ ఉప్పు ఒక చిటికెడు, వీటన్నిటి మీదా దోసిళ్ళకొద్దీ స్టీలు పుల్లలు పోస్తాడు. ఒక్కో పుల్ల బియ్యపు గింజంత పొడుగు, గుండుసూదంత లావు. పీపా దొర్లుతున్నంతసేపూ అవి గుల్లల కడుపులో దూరి మసంతా గీకేస్తాయి. బయటికి తీసేసరికి చింతపండేసి తోమిన చెంబుల్లా మెరుస్తుంటాయి.

శుభ్రం చెయ్యడం పీపా చూసుకుంటుంది. పుల్లల్నీ గుల్లల్నీ విడదీయడమే మనిషికి మిగిలే పని. ప్రతి గుల్లలోనూ నాలుగైదు పుల్లలు కాపురం పెడతాయి. తడిలో ఉన్న పుల్ల గుల్లని వదలదు. ఎంత దులిపినా జలగలా పట్టుకునే ఉంటుంది. నీళ్ళలో ముంచి బోర్లిస్తే జారుతుంది, లేదా పూర్తిగా ఆరాక దానంతటదే రాలుతుంది. ఒక్క పుల్ల లోపల మిగిలిపోయి, దానిమీద మందు పోసి, గుండు బిగించి పేలిస్తే ఏమవుతుందో వెర్లిన్‌కి తెలియదు. తెలుసుకునే కోరిక కూడా లేదు. అందుకని ప్రతి గుల్లనీ దీపానికెత్తి ఒంటికంటితో చూస్తాడు. పుల్లల్ని ఆరబెట్టి తక్కెట్లో తూస్తాడు. వేసినంత బరువూ తిరిగి రావాలి. వచ్చేవరకూ భోజనం లేదు.

ఇలాంటి మనిషి ప్రేమలో పడ్డాడు.

ఆర్డిస్ మాకు చర్చి వంటింటి మనిషి. ఆమె భర్త ఓర్డెల్ పోయి కూడా కొన్నేళ్ళయింది. ఆ వేసవిలో వెర్లిన్ మోకాలికి ఆపరేషన్ అయితే ఊరంతా వంతులేసుకుని వంటకాలు పంపింది. మా దగ్గర వంటకం గిన్నెతో సహా వస్తుంది. గిన్నె అడుగున టేపు ముక్క మీద యజమానురాలి పేరుంటుంది. కోలుకున్నాక గిన్నె తిరిగివ్వాలి, ఖాళీగా ఇవ్వకూడదు. ఆర్డిస్ మాత్రం వండి పంపకుండా వచ్చి వండింది. ఉడికిన బంగాళాదుంపలు వార్చడానికి ఆ ఇంట్లో ఏమీ లేదని, మర్నాడు తన తెల్ల పింగాణీపూత చిల్లుల గిన్నె తెచ్చుకుంది. తిరిగి తీసుకెళ్ళడం మర్చిపోయింది.

మోకాలు బాగయ్యాక వెర్లిన్ అందరి గిన్నెలూ ఊరగాయ సీసాలు పెట్టి ఇచ్చేశాడు. చిల్లుల గిన్నె మాత్రం వంటింట్లో మేకుకి వేలాడుతూనే ఉంది. దాన్ని చూసి మర్ల్ ఊరుకోలేదు. మర్ల్ ఆయన వేట స్నేహితుడు. నోటికి తలుపు లేదు.

“ఇది ఇంకా ఇవ్వలేదేమిటయ్యా?”

“ఇస్తాను. అందులో ఏం పెట్టి ఇవ్వాలో తేలట్లేదు.”

“చిల్లుల గిన్నెలో ఏం పెడతావు, చారా?”

“అదే ఆలోచిస్తున్నా.”

“ఇచ్చేస్తే మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళే సాకు ఉండదనీ, అంతేగా.”

వెర్లిన్ గోడ మీది క్యాలెండరు చూశాడు. దుప్పుల వేట మొదలయ్యే శనివారం ముందురోజు మా చర్చి కింది గదిలో వేటగాళ్ళ విందు ఉంటుంది. ఎవరెవరు ఏ తుపాకీతో ఎటు వెళ్తున్నారో అక్కడ మాట్లాడుకుంటారు. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో కూడా అక్కడే చూసుకుంటారు. ఒంటరి మగవాడూ ఒంటరి ఆడమనిషీ పక్కపక్కన కూర్చుంటే, సోమవారం కిరాణా కొట్టులో పెళ్ళికి ఎవరు కేకు చేస్తారనే చర్చ మొదలవుతుంది.

“విందులో నా పక్కన కూర్చుంటావా అని అడుగుదామనుకుంటున్నా,” అన్నాడు వెర్లిన్.

మర్ల్ ఎగతాళి చెయ్యలేదు. ఆయనకి అది కొత్త.

“ఈసారి విందు పెత్తనం ఆమెదే,” అన్నాడు. “మొదటిసారి. ఒట్టి చేతుల్తో వెళ్ళి అడక్కు. గిన్నె ఇచ్చి అడుగు.”

సరిగ్గా ఆ వారమే వెర్లిన్ జల్లెడ మర విరిగింది. పుల్లల్ని రాల్చడానికి పిడి పట్టుకుని తిప్పే ప్లాస్టిక్ బుట్ట అది. గరాజు చలికి పిడి పుటుక్కుమంది. అప్పటికే పీపా నిండా గుల్లలున్నాయి, సగం ఊళ్ళోవాళ్ళవి. శనివారానికి అందరికీ తూటాలు కావాలి. వెర్లిన్ నిలబడి ఆలోచించాడు. మేకు వైపు చూశాడు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాడు.

పని మరకంటే బాగా జరిగింది. నీళ్ళ తొట్టిలో చిల్లుల గిన్నె ముంచి ఊపుతుంటే పుల్లలు చిల్లుల్లోంచి వానలా దిగిపోయాయి, గుల్లలు పైన మిగిలాయి. ఆ తర్వాత గిన్నెని మూడుసార్లు కడిగాడు. లోపలా బయటా వేళ్ళతో తడిమి చూశాడు. తుడిచి, ఎర్ర యాపిల్స్ నింపి, గురువారం పొద్దున్నే పట్టుకెళ్ళాడు.

“యాపిల్స్ పెట్టావే,” అంది ఆర్డిస్ గుమ్మంలో.

“ఆఁ.”

“ఎర్రగా ఉన్నాయి.”

“ఆ చెట్టువి ఎర్రగానే కాస్తాయి.”

మా ఊరి లెక్కలో ఇది సరసమే. వెర్లిన్ ఇంకో అడుగు ముందుకేశాడు.

“రేపు విందులో…” అన్నాడు.

“ఆఁ, విందులో?”

“జనం బాగా వస్తారనుకుంటా,” అని చెప్పి కారెక్కి వచ్చేశాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి పుల్లలు ఆరాయి. తక్కెట్లో పోశాడు. తక్కువ తూగాయి. తక్కెడ సరిచేసి మళ్ళీ పోశాడు. మళ్ళీ అంతే తూగాయి. అయస్కాంతం పట్టుకుని గరాజు నేలంతా పాకాడు. రెండు మేకులూ, ఎప్పుడో పోయిన తాళంచెవీ దొరికాయి. గుల్లలన్నీ మళ్ళీ దీపానికెత్తి చూశాడు. ఏమీ లేదు. అప్పుడు ఆయనకి చిల్లుల గిన్నె అంచు గుర్తొచ్చింది. రేకు అంచుని బయటికి చుట్టి కిందికి మడిచారు. మడత కింద సన్నటి కాలవలాంటి సందు. తడిగా ఉన్నంతసేపూ పుల్ల ఎక్కడున్నా కదలదు. ఆరాక రాలుతుంది. ఈ సంగతి ఈ జిల్లాలో తనకంటే బాగా తెలిసినవాడు లేడు.

ఆర్డిస్ విందుకి చేసేది మాకరోనీ సలాడ్. మాకరోనీ అంటే ఉడికించి వార్చాలి.

కోటు వేసుకుని, అయస్కాంతం జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

ఆయన వెళ్ళేసరికి పాస్టరు గారు ప్రార్థన ముగిస్తున్నారు. పొడుగాటి బల్లల మీద పంది తొడ మాంసం, పాలు పోసి వండిన బంగాళాదుంపలు, దుప్పి మాంసం సాసేజీలు, వణికే జెల్లీలు. మధ్యలో పెద్ద స్టీలు గిన్నెలో ఆర్డిస్ సలాడ్. ‘ఆమెన్’ అన్న మాట ఇంకా గాల్లో ఉండగానే వెర్లిన్ వరసలో మొదట నిలబడ్డాడు. మా దగ్గర వరసలో మొదట ఎవరూ నిలబడరు. నువ్వు వెళ్ళంటే నువ్వు వెళ్ళమని అనుకుంటూ కూర చల్లారేదాకా నించుంటారు.

“ఏమయ్యా వెర్లిన్, మోకాలి ఆపరేషన్నుంచీ తినలేదా?” అన్నాడు మర్ల్ వెనకనుంచి.

వెర్లిన్‌కి అందరి ముందూ సలాడ్ ఆపించి ఆర్డిస్ పరువు తియ్యడం ఇష్టం లేదు. చేతిరుమాలులో దాచిన అయస్కాంతాన్ని సలాడ్ మీదుగా గుట్టుగా ఒకసారి తిప్పితే పుల్లలు వచ్చేస్తాయి, ఎవరికీ తెలియదు, అదీ ఆయన పథకం. గిన్నె స్టీలుదన్న సంగతి పథకంలో లేదు.

అయస్కాంతం రుమాలుతో సహా గిన్నె గోడకి టంగుమని అతుక్కుంది. లాగాడు. రాలేదు. ఇంకొంచెం లాగాడు. గిన్నే వచ్చింది. వదల్లేక, పట్టుకుని ఉండలేక, వెర్లిన్ ఒక్కో అడుగూ వెనక్కి వేస్తుంటే సలాడ్ బల్ల పొడుగునా ఆయన వెంట నడిచింది, జెల్లీల్ని పక్కకి నెట్టుకుంటూ.

వంటింటి కిటికీలోంచి ఆర్డిస్ తల కనపడింది.

“వెర్లిన్, ఆ గిన్నె ఎక్కడికి తీసుకెళ్తున్నావు?”

ఆయన ఆగాడు. గదంతా ఆగింది.

“సలాడ్ ఎవరూ తినకండి,” అన్నాడు వెర్లిన్, రేపటి వాతావరణం చెబుతున్నట్టు. “అందులో స్టీలు పుల్లలుండొచ్చు. ఆర్డిస్ చిల్లుల గిన్నెలో నేను తూటా గుల్లలు జల్లించాను. మూడుసార్లు కడిగాను గానీ అంచు కింద చూడలేదు. తప్పు నాది, ఆమెకి తెలీదు.”

మూల కాఫీ కాచే డబ్బా గుడగుడలాడింది. చివరి బల్ల దగ్గరి ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

“నిమ్మ ఉప్పు ఎంత వేస్తావోయ్?”

“చిటికెడు.”

“నేను చెంచాడు వేస్తున్నా. అందుకే గుల్లలు ఎర్రబడుతున్నాయన్నమాట.”

ఆర్డిస్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

“అందులో పుల్లల్లేవు,” అంది.

“అంచు కింద ఉండుంటాయి ఆర్డిస్.”

“ఉన్నాయి. యాపిల్స్ తీసి గిన్నెని పక్కన పెట్టాను. సాయంత్రానికి పుల్లలు బల్ల మీద రాలాయి. ఓర్డెల్ ముప్పై ఏళ్ళు నా వంటింట్లో చేసింది ఆ పనే. నాకు పుల్లలు తెలీవా?”

“మరి సలాడ్…”

“సీసం మసి తగిలిన గిన్నెలో తిండి వండుతారా ఎవరైనా? దాన్నీ, నీ యాపిల్స్‌నీ అప్పుడే చెత్తలో పడేశాను. ఇది చర్చి గిన్నెలో వార్చాను.”

వెర్లిన్ ఆ మాటని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు.

“నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?”

“చెప్తే నీకు మొహమాటంగా ఉంటుందని.”

ఎవరూ నవ్వలేదు. మా దగ్గర ఇంటికెళ్ళి నవ్వుకుంటారు.

“అయితే సలాడ్ నిక్షేపంగా తినొచ్చన్నమాట,” అన్నారు పాస్టరు గారు, చాలా హుషారుగా. అని, బంగాళాదుంపలు వడ్డించుకున్నారు.

వరస కదిలింది. ఒక్కొక్కరూ సలాడ్ దగ్గరికొచ్చి, “బాగుందమ్మా, చూస్తేనే తెలుస్తోంది, రెండోసారి వచ్చినప్పుడు వేసుకుంటాను,” అని ముందుకెళ్ళారు. మర్ల్ కూడా తన పన్ను ఒకటి కదులుతోందన్నాడు. ఆ మాట మేం మొదటిసారి విన్నాం. అందరూ కూర్చున్నాక చూస్తే, బల్ల మీద వంటకాలన్నీ సగమయ్యాయి, సలాడ్ మాత్రం చెంచా దిగకుండా, పైన చల్లిన మిరపపొడి చెదరకుండా ఉంది. పెత్తనం చేసిన మొదటి విందు. ఆర్డిస్ దానివైపు ఒకసారి చూసి, కాఫీ కప్పులు సర్దడం మొదలుపెట్టింది. అప్పటికే సర్దిన కప్పులే అవి.

వెర్లిన్ రెండు చేతుల్తో పట్టి, కాలు బల్లకి తన్ని, అయస్కాంతం ఊడబెరికాడు. జేబులో పెట్టుకున్నాడు. ఒక ప్లేటు తీసుకుని నిండా సలాడ్ వేసుకున్నాడు. మాంసం వేసుకోలేదు, రొట్టె వేసుకోలేదు. గిన్నె కూడా చంకనెత్తుకుని ఎవరూ లేని చివరి బల్ల దగ్గరికెళ్ళి కూర్చుని, గోదాము రోజుల్లో గింజ నమిలినట్టు నిదానంగా తిన్నాడు. అయిపోయాక మళ్ళీ వేసుకున్నాడు. ఊరంతా ఆయన దవడల్నే చూస్తోంది, ఎప్పుడు టక్కుమంటుందా అని.

“ఎలా ఉందయ్యా?” మర్ల్ అటునుంచి అరిచాడు.

“మిరియాలు కొంచెం తగ్గాయి.”

కప్పుల చప్పుడు ఆగింది. ఆర్డిస్ ఏప్రన్ విప్పి కిటికీ అరుగు మీద పెట్టింది. ఒక ప్లేటూ చెంచా తీసుకుని గది ఈ చివరినుంచి ఆ చివరికి, తొమ్మిది బల్లల మధ్యనుంచి నడిచింది. వెర్లిన్ ఎదురుగా ఒక కుర్చీ ఉంది, పక్కన ఒకటి ఉంది. పక్కది లాగి కూర్చుంది. సలాడ్ వేసుకుని ఒక చెంచా తింది.

“తగ్గలేదు,” అంది.

“కొంచెమే.”

“ఉప్పు?”

“ఉప్పు సరిపోయింది.”

ఇద్దరూ నాలుగేసి చెంచాలు తిన్నారు. వెనక ఎవరో కేకు సంగతి ఎత్తారు, సోమవారం దాకా ఆగలేక.

“నిన్న అడుగుదామనే వచ్చాను ఆర్డిస్,” అన్నాడు వెర్లిన్ ప్లేటుతో చెబుతున్నట్టు. “ఇవాళ నా పక్కన కూర్చుంటావా అని.”

“కూర్చున్నానుగా,” అంది ఆర్డిస్. “తిను. ఇంకా సగం గిన్నె ఉంది.”