ఇరవై రెండు ఎడమ చేతులు

ఆ ఆదివారం ప్రార్థన మందిరం కప్పు కారకపోయి ఉంటే, టైలరమ్మ ఇంకో పదేళ్లయినా తన అబద్ధంతో నిక్షేపంగా కాపురం చేసేది.

రాత్రంతా కురిసిన వానకు వెనక నాలుగు వరుసలూ తడిసి ముద్దయ్యాయి. అక్కడ కూర్చునేవాళ్లంతా ముందుకు వచ్చి, సందు దొరికిన చోటల్లా సర్దుకున్నారు. టైలరమ్మ కిటికీ పక్క బల్ల మీద సంచి అడ్డం పెట్టుకుని, చోటు లేనట్టే మొహం పెట్టింది.

"ఆ సంచి తియ్యమ్మా, మనిషి కూర్చోవాలి" అన్నారు ఎడమపక్కన ఉన్న పాటల మాస్టారు.

తీసింది. వచ్చి కూర్చున్నది ఆమె తోడికోడలు, బావగారి భార్య. ఇద్దరూ మాట్లాడుకుని పదకొండు నెలలైంది.

ఆ సంఘంలో ప్రభువు బల్లకు, అంటే అందరూ రొట్టె పంచుకునే ఆచారానికి, ఒక పద్ధతి ఉంది. రొట్టె ఒక్కటే. ఎవరూ తమకు తామే తుంచుకోకూడదు. పక్కవాళ్లు తుంచి పెట్టాలి, తిన్నవాళ్లు ఆ పక్కవాళ్లకు పెట్టాలి. ఎవరైనా పెట్టనన్నా, పుచ్చుకోనన్నా రొట్టె అక్కడే ఆగిపోతుంది, తరవాత ఉన్నవాళ్లంతా పస్తు. ఈ నియమం పెట్టిన పెద్దలు మహా మొండివాళ్లయి ఉండాలి. వాళ్ల పిల్లలు మాత్రం తెలివైనవాళ్లు. తగువులాడుకున్నవాళ్లు దూరదూరంగా కూర్చోవడం నేర్చుకున్నారు. నియమానికి నియమమూ నిలిచింది, పంతానికి పంతమూ నిలిచింది. అలాగే టైలరమ్మ కిటికీ పక్కన, తోడికోడలు వెనక తలుపు దగ్గర కూర్చుంటూ వచ్చారు.

రొట్టె మొదటి వరుసలో బయలుదేరింది. టైలరమ్మ ఉన్నది ఐదో వరుస.

టైలరమ్మ భర్త చనిపోయిన నెలలో జరిగిందా సంగతి. ఆ నెలంతా సంఘంవాళ్లే ఆ ఇంటిని నిలబెట్టారు. ఒకరు అన్నం తెచ్చారు, ఒకరు కొట్టు తెరిచి ఊడ్చారు, ఒకరు మిషనుకు నూనె వేసి పెట్టారు. ఆమె చేతికి పని ఉంటే మనసు కుదుటపడుతుందని, పాటలవాళ్ల పదకొండుమందికీ పొడుగాటి అంగీలు కుట్టమని మెరుపుబట్ట తెచ్చిచ్చారు. తోడికోడలు రోజూ సాయంత్రం వచ్చి, పక్కన కూర్చుని సుద్దతో గీతలు గీసి పెట్టేది.

ఒకవైపే మెరిసే బట్టను కోసేటప్పుడు రెండు పొరల మంచి ముఖాలూ ఎదురెదురుగా వెయ్యాలి. అప్పుడే ఒకటి కుడి చెయ్యి, ఒకటి ఎడమ చెయ్యి వస్తాయి. ముఖాలన్నీ పైకే పెట్టి కోస్తే అన్నీ ఒకే వైపు చేతులవుతాయి. దర్జీపనిలో మొదటివారం నేర్పే పాఠమిది. ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్న టైలరమ్మ, కళ్లనిండా నీళ్లతో, ముఖాలన్నీ పైకే పెట్టి కోసేసింది. ఇరవై రెండు చేతులు, ఇరవై రెండూ ఎడమవే.

పాటల మాస్టారు నలుగురినీ వెంటపెట్టుకుని వచ్చి "ఇదేమిటమ్మా?" అని అడిగినప్పుడు ఆమెకు కొట్టే గుర్తొచ్చింది. ఈ మాట బయటికి పొక్కితే ఇక తనకు బట్ట ఎవరిస్తారు? "గీతలు అక్క గీసింది. నేను గీత మీదే కోశాను" అనేసింది.

సుద్ద పట్టుకున్నవాళ్లకు ఆ తప్పు చెయ్యడం సాధ్యమే కాదు. అది పొరలు పరిచినవాళ్ల తప్పు. కాని టైలర్లు తప్ప ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది? తోడికోడలికి తెలుసు. పక్కనే ఉన్న ఆమె ఒక్కసారి టైలరమ్మ ముఖంలోకి చూసి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. మాస్టారు ఆమెకు ఎడమచేతులమ్మ అని పేరు పెట్టారు. పేరు పెట్టడంలో ఆయన దిట్ట. జనం నవ్వారు. పద్దెనిమిదేళ్లుగా పాడుతున్న మనిషి పాట మానేసి తలుపు దగ్గరికి చేరింది. ఆమె చోట్లో మాస్టారు ఇంకొకరిని పెట్టుకున్నారు. ఆ తరవాత ఎవరు ఎక్కడ నవ్వినా టైలరమ్మ తేలు కుట్టిన దొంగలా ఉండిపోయేది.

రొట్టె నాలుగో వరుస దాటింది.

లేచి బయటికి పోదామంటే అటు మాస్టారు, ఆ పైన గోడ, ఇటు తోడికోడలి మోకాళ్లు. ఆమె పెట్టకపోతే బాగుణ్ణు అనుకుంది టైలరమ్మ. పెట్టకపోతే తప్పు ఆమె మీదకు పోతుంది. అలా కోరుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. దేవుడి మందిరంలో కూర్చుని, రొట్టె వాసన ముక్కుకు తగులుతుండగా కోరుకునే కోరికా అది?

తోడికోడలు తన ముక్క తిన్నది. ఇంకో ముక్క తుంచింది, కొంచెం పెద్దదే. చెయ్యి చాపింది.

"తీసుకో చెల్లీ."

టైలరమ్మ చెయ్యి ఒళ్లోంచి లేవలేదు. చుట్టూ దగ్గులు ఆగిపోయాయి. పాస్టరుగారు తలెత్తి చూశారు. ఆమె తరవాత ఇంకా ముప్పైమంది ఉన్నారు. చాపిన చెయ్యి అలాగే ఉంది.

"నాకెందుకు పెడతావక్కా" అంటూ టైలరమ్మ లేచి నిలబడింది. "గీతలు తప్పు కాదు. పొరలు పరిచింది నేను, కోసింది నేను. అక్క ఏ తప్పూ చెయ్యలేదు. నేను అబద్ధం చెప్పాను."

వెనక తడిసిన నేలమీద నీటిచుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది. రేపటినుంచి కొట్టు మూసుకోవలసిందే అనుకుంది.

"నాకు తెలియదా? తెలిసే ఊరుకున్నాను" అంది తోడికోడలు మెల్లిగా. "అప్పుడు నీకు కొట్టు తప్ప ఏం మిగిలిందని? ముందు తిను. వెనక జనం చూస్తున్నారు."

తిన్నది. పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది. తరవాత తుంచి మాస్టారివైపు చాపింది. ఆయన తీసుకోలేదు.

ఆయనకు కోపం వచ్చిందనుకుంది. వస్తే న్యాయమే. కాని మాస్టారు లేచి, ఆమెను దాటి, తోడికోడలి ముందు నిలబడ్డారు. "ఆ పేరు పెట్టింది నేనమ్మా" అన్నారు. రెండు చేతులూ జోడించారు.

"బాగానే పెట్టారు లెండి, మా మనవడు కూడా అలాగే పిలుస్తున్నాడు" అందామె. ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు వచ్చి కూర్చుని, టైలరమ్మ చేతిలోంచి రొట్టె అందుకున్నారు. ఆ రోజు రొట్టె ఇంకా చాలాచోట్ల ఆగి కదిలి, ఆరాధన ముగిసేసరికి అన్నాలవేళ దాటిపోయింది. ఆలస్యమైందని విసుక్కున్నవాళ్లు లేరు.

మర్నాడు టైలరమ్మ కొట్టు తెరవడానికి ఆలస్యంగా బయలుదేరింది. వెళ్లి చూస్తే మెట్టు మీద తోడికోడలు కూర్చుని ఉంది. ఒళ్లో కొత్త మెరుపుబట్ట, చేతిలో సుద్దముక్క.

"పదకొండు కాదు, పన్నెండు కుట్టాలి" అంది. "నేనూ పాడుతున్నాను."

టైలరమ్మ బల్ల తుడిచి బట్ట పరిచింది. మొదటి పొర పరిచి, రెండోది చేతిలో పట్టుకుని ఆగింది.

"ముఖం ఎటు పెడుతున్నావు?" అంది తోడికోడలు.

"ఎదురెదురుగానే, చూసుకో అక్కా" అంటూ టైలరమ్మ రెండో పొరను తిరగేసి, మొదటిదానికి ఎదురుగా వేసింది.