పామిడి దాకా మోసిన కొర్రలు

మా బావకు చక్కెర జబ్బు. ఒక కాలి వేలు ఇప్పటికే తీసేశారు. అన్నం తగ్గించి కొర్రలు తినకపోతే పాదానికే మోసమని డాక్టరు చెప్పాడు. బావేమో మొండిఘటం. "సేద్యం చేసేటోణ్ని, గింజలు కొనుక్కొని తినాల్నా? నా చేలో పండితే తింటా" అన్నాడు. సరే, ఆ విత్తనాలేవో నేనే తెచ్చి పడేస్తానని, తొలకరి పడగానే అనంతపురం అంగట్లో అయిదు కిలోలు కొన్నాను.

ఉదయం ఏడింటికి గుత్తి బస్సెక్కాను. దారి పొడుగునా బుడ్డలకు, అంటే వేరుశనగకు, దున్నిపెట్టిన ఎర్రచేలే. పక్క సీటామె నా ఒళ్ళోని మూట తడిమి "ఏంది తల్లీ?" అంది.

"విత్తనం కొర్రలు."

"అంగట్లో కొన్నావా?"

అవునన్నాను. ఆమె మూట ఇంకోసారి నొక్కి చూసి నవ్వింది. పామిడిలో దిగి ఇడ్లీ తిని ఆటో ఎక్కాను. అటు పోయేవాళ్లు ఇక్కడే తినండి, ముందు టీ కూడా దొరకదు.

పదింటికి ఇల్లు చేరాను. అక్క మూట విప్పి, గుప్పెడు తీసి చూసి, నవ్వాపుకోలేక చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

"పొట్టు తీసినవి గదమ్మా ఇవి. యాడ మొలుస్తాయి?" అన్నాడు బావ.

నా ప్రాణం ఉసూరుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"డాక్టరు కొర్రలు తినమంటాడు. రేషను స్టోర్లో బియ్యమే ఇస్తారు. సర్కారు ఇత్తనాలంటే బుడ్డలే ఇస్తారు. ఆ ముగ్గురూ ఒకతూరి కూచోని మాట్లాడుకోకూడదా?" అని గొణిగి, నా ముఖం చూసి మెత్తబడ్డాడు. "ఊరుకో. పుట్టింటోళ్లు తెచ్చిన గింజలు కొన్నట్టు కాదులే. మీ అక్కను వండమను."

మధ్యాహ్నం కొర్రన్నం, ఊరిబిండి పచ్చడి. మొదటి ముద్దకు ముఖం చిట్లించినా, మారు అడిగి వేయించుకున్నాడు. అక్క నావైపు చూడకుండా వడ్డించింది. ఇంకో గరిటె ఎక్కువే వేసింది.

తిన్నాక బావ లేచి, పిచ్చుకల కోసం వసారాలో వేలాడగట్టిన కొర్ర కంకులు దించాడు. సగం అవి తినేసినవే. అరచేతుల్లో నలిపి, పొల్లు ఊదేసి, గింజలు చెంబులో పోశాడు. "గట్టెంబడి నాలుగు సాళ్లకు చాలు" అన్నాడు. రెండు కంకులు మాత్రం మళ్ళీ పిచ్చుకలకే కట్టాడు.

సాయంత్రం కుంటుకుంటూ ఆటో దాకా వచ్చి, "పంటకు రా. ఖాళీ సంచి తెచ్చుకో" అన్నాడు.

తిరుగు బస్సులో నిలబడే వచ్చాను, అయినా అలసట తెలియలేదు. ఈ దారిన పోయేవాళ్లకు ఒకటే చెబుతాను. విత్తనానికైతే పొట్టున్నవే అడిగి కొనండి. మా బావలాంటి మనిషి కోసమైతే ఏవైనా సరే, మీరే మోసుకుపోండి.