ఒంటి గొంతు లెక్కలు

గంట మాస్టారికి ఆ పేరు బడి గంట వల్ల రాలేదు, గొంతు వల్ల వచ్చింది. లెక్కల గదిలో ఆయన నోరు విప్పితే ఎదురు వీధిలో సైకిళ్ళు బాగుచేసేవాడు పానా పక్కన పెట్టి వినేవాడట. ఆయన గొంతు ఒక ఎత్తు, ఆయన పిల్లల గొంతు ఒక ఎత్తు. "ఏడెనిమిదులు?" అని ఆయన అడగడమే ఆలస్యం, "యాభై ఆరు" అని గది గదంతా ఒక్క పెట్టున మోగేది. అర్థమైందా అంటే అయింది సార్ అనేవారు. ఆ మోత వినబడితే చాలు, ఆయనకు ఆ పూటకి కడుపు నిండినట్టే.

లోకంలో చదువు ఎక్కడ మొదలైనా ఇలా వల్లెవేతతోనే మొదలైంది. మట్టి పలకల కాలంలోనూ పిల్లలు గొంతు కలిపే చదివి ఉంటారు. ఓడల్లో తెడ్డు వేసేవాళ్ళు పదం పాడుకునేదీ ఇందుకే, పదిమంది ఊపు ఒక్కటవుతుందని. అయితే అందులో ఒక చిక్కుంది. పాడేవాళ్ళలో ఎవరి తెడ్డు నీళ్ళలో ఉందో, ఎవరిది గాలిలో ఊగుతోందో ఒడ్డున నిలబడి వినేవాడికి తెలియదు. గుంపులో గోవింద అన్న మాట పుట్టింది అక్కడే కావచ్చు. మాస్టారు ఇన్నేళ్ళూ ఒడ్డునే నిలబడి విన్నారు.

రోగం వచ్చి బడులు మూతపడి చదువు ఫోన్లలోకి వెళ్ళినప్పుడు ఆయన చిక్కిపోయారు. జబ్బేం లేదు, మోత లేక. తెర మీద చిన్న చిన్న గళ్ళు, గళ్ళలో పేర్లు, ఒక్కోసారి ఎవరి ఇంటి పైకప్పో కనబడేది. అర్థమైందా అని అడిగి, అటు నుంచి చప్పుడు రాకపోతే, అయిందిలే అని తనే అనుకుని తరువాతి పాఠానికి వెళ్ళిపోయేవారు. గోడకి పాఠం చెప్పినా ఇంతకన్నా మర్యాదగా వింటుందని భార్యతో అంటే, ఆవిడ, "గోడ ఎదురు చెప్పదుగా, అందుకే మీకు నచ్చింది" అని నవ్వింది.

మళ్ళీ బడి తెరిచిన రోజు ఆయన నడవలేదు, పరిగెత్తారు. మెట్లు రెండేసి ఎక్కి, ఏడో తరగతి తలుపు తోసి, సుద్దముక్క అయినా పట్టకుండా, "ఏడెనిమిదులు?" అన్నారు. యాభై ఆరు అని గది మోగింది. ఆయన కళ్ళు చెమర్చాయి. ఏమీ పోలేదు, అంతా ఉన్నదున్నట్టే ఉందని పొంగిపోయి, ఆ నెలంతా పుస్తకంలో పేజీలు పరుగులు పెట్టించారు.

అలా ఉండగా చిలకమ్మకి జ్వరం వచ్చింది. చిలకమ్మంటే ముందు బెంచీలో కూర్చునే బక్కపలచని పిల్ల. ప్రశ్న పూర్తి కాకముందే ఆ పిల్ల నోట జవాబు ఉండేది. ఆమె రాని రోజు మాస్టారు ఎప్పటిలాగే, "నూట నాలుగులోంచి ముప్పై ఏడు పోతే?" అని అడిగి, చెయ్యి గాలిలో ఎత్తి మోత కోసం ఆగారు.

మోత రాలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినబడింది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక బెంచీ కుర్రాడొకడు నోరు తెరిచి, మొదలుపెట్టేవాళ్ళెవరూ లేక మళ్ళీ మూసుకున్నాడు.

మాస్టారు చెయ్యి దించి, ఆ రోజు తన జీవితంలో ఎన్నడూ చెయ్యని పని చేశారు. గొంతు తగ్గించారు. బెంచీ బెంచీకి వెళ్ళి, వంగి, జవాబు నా చెవిలో చెప్పమన్నారు. చెవిలో అయితే తప్పు చెప్పినా పక్కవాడు నవ్వడు. ఒకడు అరవై ఏడన్నాడు. ఒకడు నూట ముప్పై మూడన్నాడు. ఒక పిల్ల, అది కూడికా తీసివేతా అని అడిగింది. చివరి బెంచీలో నిచ్చెన ఉంది. తరగతిలో అందరికన్నా పొడుగని పిల్లలు పెట్టిన పేరది. ఆమె గాలి వదిలినంత మెల్లగా, "నాకు రాదు సార్. ఎక్కణ్ణించి రావట్లేదో కూడా తెలీట్లేదు" అంది.

ఇంటికెళ్ళి ఆ మాట భార్యకి చెబుతూ ఆయన గదిలో అటూ ఇటూ తిరిగారు. దిగులుపడతారేమోనని ఆవిడ చూస్తే, మనిషి మొహంలో ఏదో వెలుగు. తాళం పోయిందని తెలిస్తేనే కదా వెతకడం మొదలుపెట్టేది. ఇన్నాళ్ళూ పోలేదనుకుంటున్నామే, అదే మోసం అన్నారాయన. నిచ్చెనని అడిగితే సంగతి తెలిసింది, వాళ్ళమ్మ సిటీ బస్సు కండక్టరు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది ఆవిడతో డ్యూటీకి వెళ్ళేది. హాజరు పోకూడదని ఆవిడే ఫోను తెరిచి పెట్టి, పేరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనేసేదట. భిన్నాల పాఠం బస్సులో ఊరంతా తిరిగింది. డ్రైవరుకి కాస్తో కూస్తో వచ్చి ఉంటుంది, పిల్లకి మాత్రం రాలేదు. "మరి ఆడమనిషి గొంతుకి హాజరు వేసింది ఎవరు?" అంది భార్య. మాస్టారు తిరగడం ఆపి నిలబడిపోయారు.

మర్నాడు ఆయన పెద్ద టీచరు గదికి వెళ్ళారు. ఆవిడ మంచి మనిషే, కానీ పోర్షను ఆవిడ నెత్తిన కూర్చుంది. అయిదు, ఆరు, ఏడు మూడు తరగతుల్నీ కలిపి, ఎవరికి ఎక్కడ ఆగిపోయిందో అక్కణ్ణించి మొదటి గంటలో చెబుదామని ఆయన అడిగితే, వెనకబడ్డవాళ్ళని ఇంట్లో చదివించుకోమని తల్లిదండ్రులకి ఇప్పటికే చెప్పేశామని, టైమ్ టేబులు కదిలించడం కుదరదని అంది. సరే అని ఆయన గంటకి ముందే వచ్చి వరండాలో మొదలుపెట్టారు.

వరండాలో మొదటి రోజే నిచ్చెన మొరాయించింది. తీసివేతల గుంపులో అందరూ నడుము ఎత్తు పిల్లలు. వాళ్ళ పక్కన తాటిచెట్టులా కూర్చోనంది. మాస్టారు వెళ్ళి ఆ చిన్న బెంచీ మీద తనే కూర్చున్నారు. మోకాళ్ళు చెవులకి తగిలాయి. పిల్లలు పడీ పడీ నవ్వారు. నిచ్చెన కూడా నవ్వి, ఆయన పక్కనే కూర్చుంది. అంతే, బండి కదిలింది. చింతగింజలో గులకరాళ్ళో ఏదుంటే అది, పది కట్టి ఒక మూట, మూట విప్పితే పది. వారం తిరక్కుండానే పిల్లలు గంటకి ముందే గేటు దగ్గర తోసుకోవడం మొదలుపెట్టారు. ఎవరికైనా కొత్తగా ఒక మెట్టు ఎక్కడం వస్తే మాస్టారు జవాబు చెవిలో విని, ఎగిరి గంతేసినంత పని చేసేవారు. తెలుగు టీచరు చూసి చూసి, చదవడం రానివాళ్ళని తను తీసుకుంటానని కుర్చీ తెచ్చుకుంది.

ఆ ఊపులోనే ఒక పొద్దున నిచ్చెన వాళ్ళమ్మ యూనిఫారం మీదే పెద్ద టీచరు గదికి వచ్చింది. పిల్లని మానిపిస్తానంది. చదువు ఎక్కట్లేదు, వాళ్ళ పిన్ని కుట్టు మిషన్ల దగ్గర పనికి పెట్టిస్తుంది, రేపట్నించి వెళ్ళాలి. మాస్టారు వరండాలోంచి పరిగెత్తుకొచ్చారు. నిచ్చెన గుమ్మం దగ్గర నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా గోడ గోకుతోంది.

ఈ వయసులో మానిపించడం తప్పు కదమ్మా అంది పెద్ద టీచరు. ఇంట్లో కాస్త దగ్గర కూర్చోబెట్టుకుని చదివించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని కూడా అంది. కండక్టరమ్మ సంచీ భుజం మార్చుకుంది.

"చదివించమని మీరు చెప్పారు, సరే మేడమ్. పొద్దున డ్యూటీకి పోతే రాత్రికి గానీ ఇంటికి రాను. స్టాపులో బస్సు ఆపకుండా పోయేది మేము. వెనకాల పరిగెత్తలేదని తిట్లు నిలబడ్డోళ్ళకా?"

మాస్టారు ముందుకొచ్చి, ఏదో పెద్దగా అనబోయి, గొంతు తగ్గించుకున్నారు. ఫోనులో మీ గొంతుకి మీ అమ్మాయి పేరున హాజరు వేసింది నేనే, వినబడీ వేశాను, పిల్లకి బుర్ర లేక కాదు, మేం చెప్పక అన్నారు. అని, నిచ్చెన వైపు తిరిగి ఒక లెక్క ఇచ్చారు. మూడొందలు, అందులోంచి నూట ఇరవై ఎనిమిది.

ఆ పిల్ల గోడ గోకడం ఆపింది. వేలితో గాలిలో గీసింది. మూట విప్పింది, ఇంకో మూట విప్పింది. నూట ఎనభై రెండు అంది. వెంటనే తల అడ్డంగా ఊపి, "కాదు కాదు, ఉండండి. ఒక మూట విప్పేసి లెక్కలోనే ఉంచాను. నూట డెబ్బై రెండు" అంది, పైకి, అందరికీ వినబడేలా. తన తప్పు తనే పట్టుకున్న సంతోషం ఆ మొహంలో దాచినా దాగలేదు.

తల్లి ఆ లెక్క చూడలేదు, పిల్ల మొహమే చూసింది. తరువాత పెద్ద టీచరు వైపు తిరిగి అడిగింది. "ఉంచుతాను. మళ్ళీ ఏడాది చివర తప్పితే ఎవరిది పూచీ? నాదేనంటారా?"

పెద్ద టీచరు కళ్ళజోడు తీసింది. తిలా పాపం తలా పిడికెడు అని తప్పించుకునే అవకాశం ఆవిడకు ఉంది. అందులో ప్రభుత్వానికి, ఫోనుకి, రోగానికి, తల్లికి కూడా తలా పిడికెడు పంచవచ్చు. ఆవిడ పంచలేదు.

"బడిది. నాది. రేపట్నించి మొదటి గంట మూడు తరగతులకీ ఇదే. వరండాలో కాదు, గదుల్లో. పోర్షను సంగతి అడిగేవాళ్ళకి నేను చెప్పుకుంటాను."

మాస్టారు రేపటిదాకా ఎందుకన్నారు. ఇవాళ మొదటి గంట ఇంకా కొట్టలేదుగా అని అప్పుడే బెంచీలు మోయించడానికి వరండా వైపు నడుస్తున్నారు. కండక్టరమ్మ కూతురి భుజం మీద చెయ్యి వేసి, "మీ పిన్నికి నేను చెబుతాలే, పద" అనేలోపే, భుజం అక్కడ లేదు. పిల్ల బెంచీకి అటు కొస పట్టుకునుంది.