దుమ్ము మిల్లుది, దగ్గు "ఇతరాలు"ది

మా పక్కింటి యాకయ్య పలుగురాయి మిల్లు దవాఖానలో అంబులెన్సు డ్రైవరు. డ్రైవరని ఇప్పుడు రాయడానికి లేదు, బండి అమ్మేశారు. ఎందుకు అమ్మేశారో చెబుదామనే కూర్చున్నాను. మహబూబాబాద్‌లో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెప్పుకుని బతికేదాన్ని నేను. లెక్కల మీద నాకెప్పుడూ కోపం రాలేదు. ఇప్పుడు వచ్చింది, ఇంకా పోలేదు.

యాకయ్యది జనగామ దగ్గరి పల్లె. పత్తి లారీలు తోలి తోలి నడుం పట్టేశాక ఈ పనిలో చేరాడు. కొత్తగూడ దారిలో మిల్లు గేటు పక్కనే రెండు గదుల దవాఖాన. అందులో ఒక నర్సు, ఒక ఆక్సిజన్ మిషన్, బయట యాకయ్య బండి. పిల్లలు జడుసుకుంటారని తండాల్లో సైరన్ వేసేవాడు కాదు. గుంతల్లో రోగి తల అదరకుండా ఇంటి నుంచి ఒక దిండు తెచ్చి పెట్టుకున్నాడు. ఆయన భార్య ముత్తమ్మ ఎన్నిసార్లు ఉతికినా ఆ దిండు గలీబు దులిపితే తెల్లటి పొడి రాలేది. ఆయన ఎక్కించుకునేవాళ్ళంతా ఆ పొడి పీల్చినవాళ్ళే మరి.

వాళ్ళలో భీమ్లా ఒకడు. గంగారం వైపు తండా మనిషి. ఏళ్ళ తరబడి రాయి పిండి చేశాడు, ఆ పిండి ఆయన ఊపిరితిత్తుల్లో గడ్డకట్టింది. రోజు విడిచి రోజు యాకయ్య వెళ్ళి తీసుకొస్తే, కాసేపు ఆక్సిజన్ పెట్టుకుని, ముఖంలోకి కాస్త కళ వచ్చాక ఇంటికి పోయేవాడు. దొరవారి సవారీ వచ్చిందా అని యాకయ్య ఆటపట్టిస్తే, నవ్వబోయి దగ్గేవాడు.

అంబులెన్సుకు ఇంకో పని కూడా ఉండేది. మహబూబాబాద్ పెద్ద దవాఖానలో రోగిని దింపి వచ్చేటప్పుడు మిల్లుకు కావలసిన బెల్టులు, బేరింగులు, ఆయిలు డబ్బాలు వేసుకు రావాలి. ఖాళీగా వచ్చే బండే కదా అని ఎవరూ ఏమీ అనుకోలేదు. డీజిలు బిల్లు మాత్రం దవాఖాన పేరునే పడేది.

ఆ కంపెనీ పేరు రాయను. కరెంటు, సిమెంటు, హోటళ్ళు, పలుగురాయి పొడి, ఇంకా ఏవేవో ఉన్నాయి దానికి. ఇన్ని వ్యాపారాలున్న కంపెనీ దేనిలో లాభమో, ఏది మునుగుతోందో వాటాదారులకు విభాగాల వారీగా విడదీసి చూపించాలని నియమం ఉంది. మంచి నియమమే, నేనే పాఠం చెబుతాను. చిన్నాచితకా వాటన్నిటినీ కలిపి "ఇతరాలు" అనే ఒకే గంపలో వేయవచ్చు. ఏది ఏ గంపలో వేయాలంటే, పై కుర్చీలో కూర్చున్నాయన తన వ్యాపారాన్ని ఎలా విడదీసి చూసుకుంటాడో అలాగే చూపించాలి. అంటే ఆయన కళ్ళే కొలత.

పలుగురాయి విభాగంలో దవాఖాన ఖర్చు ఆ కళ్ళకు నలుసైంది. అందులో వాటా అమ్మాలనుకుంటున్నారు, లాభం నిగనిగలాడాలి. అందుకని దవాఖానను తీసుకెళ్ళి హోటళ్ళూ అతిథి గృహాలూ ఉన్న "ఇతరాలు"లో పడేశారు. అడుగున చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాశారు, పాత ఏడాది అంకెలు కూడా పద్ధతిగా మార్చి చూపించారు. ఆడిటరు సంతకం పెట్టాడు. నియమం ప్రకారం ఎవరూ ఏ తప్పూ చేయలేదు. నా ఒళ్ళు మండేది అక్కడే.

ఆ ఏడాది విభాగం లాభం పెరిగిందని మిల్లులో మిఠాయిలు పంచారు. రాయి అదే, దుమ్ము అదే, దగ్గేవాళ్ళూ వాళ్ళే. దుమ్ము అమ్ముకున్న డబ్బు ఒక గంపలో పడింది, దగ్గు ఇంకో గంపలో పడింది, అంతే. మరుసటి ఏడు "ఇతరాలు" నష్టాల్లో ఉందని గగ్గోలు మొదలైంది. ఉండక ఏం చేస్తుంది? భీమ్లా దగ్గర ఊపిరికింత అని వసూలు చేయాలా? సిగ్గుండాలి.

దవాఖాన మూసేస్తారన్న మాట విని యాకయ్య మా ఇంటికి వచ్చాడు. కంపెనీ రిపోర్టు ముందు పెట్టి విడమరిచి చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగాడు, బెల్టులు మోసిన డీజిలు కూడా దవాఖాన నష్టంలోనే రాశారా అని. అవునన్నాను.

ఆ మర్నాడు మహబూబాబాద్‌లో దుకాణంవాళ్ళు మిల్లు బెల్టు ఎక్కించడానికి వస్తే ఎక్కించుకోకుండా వచ్చేశాడు. బెల్టు అందక మిల్లు ఆగింది. మేనేజరు చంద్రమోహన్ గేటు దగ్గర ఆపి, అంబులెన్సు మనదే కదా, ఇదేం మొండితనమని కేకలేశాడు.

"లెక్క రాసేటప్పుడు మీది గాదంటిరి," అన్నాడట యాకయ్య. "బరువు మోసేటప్పుడు మనదెట్లయితది సార్?"

చివరికి బెల్టు తెచ్చిన ట్రాలీ ఆటో కిరాయి మొదటిసారి మిల్లు ఖర్చులో పడింది. ఆ ముక్క విని నేను సంబరపడ్డాను. ఏం లాభం, ఎండాకాలం పోకముందే దవాఖానకు తాళం పడింది, అంబులెన్సు అమ్మేశారు, యాకయ్య పని పోయింది. ఆక్సిజన్ మిషన్ "ఇతరాలు" ఆస్తి కాబట్టి అదే విభాగంలోని అతిథి గృహానికి పంపించారు. అక్కడ ఎవరికి ఊపిరాడడం లేదో నాకు తెలియదు.

ఆ తర్వాత యాకయ్య తన మోటారు సైకిల్ మీదే భీమ్లాను మహబూబాబాద్ తీసుకెళ్ళేవాడు. ఆయన వెనక భీమ్లా, పడిపోకుండా అతణ్ణి పట్టుకుని చివర చాందీ, అతని భార్య. ఒక వానరోజు మొగుణ్ణి పట్టుకుని ఆమె కూర్చునే ఉంది, ఈయన తోలుతూనే ఉన్నాడు. ప్రాణం దారిలోనే పోయిందని దవాఖాన మెట్ల దగ్గరగానీ ఇద్దరికీ తెలియలేదు.

చాందీ పరిహారం అడగడానికి పోతే, రోగాల సంగతి చూసే విభాగం వేరని మిల్లువాళ్ళు చెప్పి పంపేశారు. హైదరాబాద్‌లో ఆ విభాగం వాళ్ళు దుమ్ముతో తమకు సంబంధం లేదన్నారు.

మొన్న ఈ ఏటి రిపోర్టు వచ్చింది. "ఇతరాలు" విభాగంలో నష్టం గణనీయంగా తగ్గిందట, అందుకు సిబ్బందికి అభినందనలట. అడిగాడు కదా అని యాకయ్యకు చదివి వినిపించాను. ఇచ్చిన చాయ్ ముట్టుకోలేదు.

"మరి భీమ్లాను ఏ దాంట్ల రాసిండ్రు మేడం?"

భీమ్లా గుత్తేదారు కింద పనిచేసినవాడు. కంపెనీ మనుషుల్లో ఆయన పేరు ఏనాడూ లేదు.

"ఏ దాంట్లోనూ రాయలేదు యాకన్నా."

"చాందీ కనవడ్డప్పుడల్లా గదే అడుగుతది," అన్నాడు లేస్తూ. "నాతోని గాదు. మీరే వచ్చి చెప్పుండ్రి."

ఆ విభాగాల పాఠం ఎన్ని బ్యాచులకు చెప్పానో. చెప్పులు వేసుకుని వెళ్ళి ఆయన మోటారు సైకిల్ వెనక కూర్చున్నాను, భీమ్లా కూర్చునే చోట.