జడ పట్టుకున్న చెయ్యి

నిర్మలకు పుదుచ్చేరిలో భయం లేని రోజంటూ ఉండేది కాదు. పుట్టి పెరిగింది యానాంలో. సర్కారు గుమాస్తా ఉద్యోగం ఆమెను ఇక్కడికి తెచ్చిపడేసింది. భర్త కృపారావు యానాంలోనే బడిపంతులు. కూతురు ఫ్లోరాని వెంటబెట్టుకుని మురుంగపాక్కంలో ఒక మేడమీద వాటా అద్దెకు తీసుకుంది. తమిళం సరిగా రాదు. బస్సు తప్పితే భయం, పాప ఒళ్లు వెచ్చబడితే భయం. అన్నిటికన్నా వీధి చివరింటి అళగేశన్ అంటే భయం. అతను మేట్టుపాళయం గోడౌన్లలో మూటలు మోస్తాడు. పని లేని రోజు పొద్దున్నే తాగి, దారిన పోయేవాళ్లందరినీ గట్టిగా కేకలేసి పలకరిస్తాడు. కనబడితే చాలు, నిర్మల ఫ్లోరా చెయ్యి బిగించి పట్టుకుని అవతలి పక్కకు దాటిపోయేది.

"చెడ్డోడు కాదమ్మా. తాగితే నోరు నిలవదు, అంతే" అనేది ఇంటావిడ పంకజవల్లి. తరతరాల కిందట అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు ఆమె కుటుంబం, అళగేశన్ కుటుంబం కూడా.

రెండువేల ఎనిమిది నవంబరు చివర్లో తుఫాను పట్టింది. వాన తెరిపివ్వలేదు. మధ్యాహ్నానికి ఆఫీసు వదిలేశారు. బస్సుల్లేవు. ఫోను కలవడం లేదు. స్కూళ్లు ముందే వదిలేశారని ఎవరో అన్నారు. ఫ్లోరాని పంకజవల్లి తెచ్చుకుందా? పిల్ల ఒక్కతే బయల్దేరిందా? నిర్మల ఇక ఆగలేకపోయింది. కడలూరు రోడ్డు పట్టుకుని నడిచింది.

ముదలియార్‌పేట దాటేసరికి నీళ్లు మోకాళ్లకొచ్చాయి. తమ వీధి మలుపు తిరిగేసరికి తొడల దాకా. రోడ్డేదో, కాలువేదో తెలియడం లేదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ గిరగిరా తిరుగుతూ పక్కనుంచి కొట్టుకుపోయింది. పైన కరెంటు తీగ ఒకటి కిందికి వేలాడుతోంది. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. చిన్నప్పటినుంచి కంఠతా వచ్చిన కీర్తన కూడా సగంలో పోయింది. "దేవా, ఫ్లోరా... దేవా, ఫ్లోరా..." అంతే.

అప్పుడు కనిపించాడు అళగేశన్. స్తంభం ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఊపుతూ ఆమెకేసి అరుస్తున్నాడు. వాన హోరులో ఒక్క మాటా వినబడలేదు. వీధిలో ఇంకెవరూ లేరు. తాగి మీదికొస్తాడనుకుంది. గబగబా గోడ పక్కకు జరిగింది.

కాలు కింద నేల లేదు.

కాలువ మీది రాతిపలక ఎక్కడికో పోయినట్టుంది. తల మునిగిపోయింది. నోట్లో, ముక్కులో బురద. చీర కాళ్లకు చుట్టుకుంది. ప్రవాహం ఆమెను పక్క పలక కిందికి లాగుతోంది. చేతికి తగిలిందల్లా పాకుడు. పలక అంచు నుదుటికి గీసుకుంది. చచ్చిపోతున్నానని తెలిసింది. ఫ్లోరా ఎవరి దగ్గర ఉంటుందో అన్నది ఒక్కటే ఆలోచన.

ఎవరో జడ పట్టుకుని లాగారు. మాడు ఊడి వచ్చేస్తుందేమో అన్నంత నొప్పి. తర్వాత చంక కింద ఒక చెయ్యి, మొహం మీద గుప్పున సారాయి వాసన.

"ఆ పక్క పోవద్దని అరస్తా ఉండాను గదమ్మా! యాడ చూసి నడస్తావు?" అన్నాడు అళగేశన్. అతని మోకాలినుంచి నెత్తురు కారుతోంది. పొద్దున తాగింది చాలక మళ్లీ వెళ్తే సారాకొట్టు మూసేశారని తిట్టుకుంటూ తిరిగొస్తుంటే, అంతకు ముందే అదే గుంటలో అతని కాలూ దిగబడిందట.

ఆమెను గుమ్మం దాకా తెచ్చి వదిలేసి వెళ్లిపోయాడు. ఫ్లోరా మేడమీదే ఉంది, పంకజవల్లి పక్కన కూర్చుని అన్నం తింటోంది. నిర్మల బురద చీరతోనే పిల్లను హత్తుకుంది.

మర్నాడు నీళ్లు తగ్గాక పంకజవల్లిని తోడు తీసుకుని అళగేశన్ ఇంటికి వెళ్లింది. భార్య కనగం అతన్ని లేపింది. నిర్మల చేతులు జోడించి, "నిన్న మీరు లేకపోతే నేను లేనండి" అంది.

అతను తెల్లబోయి చూశాడు. "నేనా? ఏంది కనగా, ఏం జరిగింది?" మోకాలి దెబ్బ తడుముకున్నాడు. అది ఎలా తగిలిందో కూడా గుర్తు లేదు. నిర్మల జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి.

ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధనప్పుడు, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమన్నారు పాస్టరుగారు. ఆమె లేచింది.

"నా ప్రార్థన నోట్లో ఉండగానే దేవుడు మనిషిని నిలబెట్టాడండి. నేనే ఆ మనిషిని చూసి భయపడి గుంటకేసి వెళ్లాను. కొట్టు తెరిచి ఉంటే ఆయన అక్కడ ఉండేవాడు కాదు. ఆయన కాలు దిగబడకపోతే గుంట సంగతే తెలిసేది కాదు. ఆయనకిప్పుడు ఏమీ గుర్తు లేదు. ఇదంతా తలుచుకుంటే నాకు సంతోషం కన్నా వణుకు ఎక్కువగా వస్తోంది. దేవుడు ఇంత దగ్గరగా ఉన్నాడంటే భయం వెయ్యదా అండి?"

పాస్టరుగారు, "వేస్తుందమ్మా" అన్నారు నెమ్మదిగా.

అళగేశన్ తాగుడు మానలేదు. నిర్మల రోజూ అతని పేరు ప్రార్థనలో చెప్పుకునేది. అతను ఎదురుపడితే ఆగి, "బాగున్నారా అన్నా?" అని అడిగేది, ఫ్లోరా చెయ్యి బిగించి పట్టుకునే. అతనేమో ఈమె ఎవరా అన్నట్టు చూసి, పెద్దగా నవ్వి, "బాగుండాను తల్లీ!" అని వీధంతా వినబడేలా అరిచేవాడు.