నూట పది దాటకుండా

ఆ రోజు నాది ఎ షిఫ్టు. ఉదయం అయిదుంపావుకి కూర్మన్నపాలెంలో మా ఇంటి నుంచి సైకిల్ మీద బయలుదేరాను. స్టీలు ప్లాంటుకు వెళ్లే దారిలో ఒకచోట రోడ్డు కాస్త ఎత్తుగా ఉంటుంది. పన్నెండేళ్లుగా రోజూ ఎక్కుతున్న ఎత్తే. ఆ రోజు సగం దాకా వచ్చేసరికి కింది దవడ లాగింది. పంటి నొప్పి అనుకున్నాను. ఇంకో పది తొక్కులు తొక్కానో లేదో, ఎడమ భుజం మీద ఎవరో సిమెంటు బస్తా దింపినట్టయింది. దిగి సైకిల్‌కి ఆనుకుని నిలబడ్డాను. రెండు నిమిషాల్లో తగ్గిపోయింది. తగ్గింది కదా అని ఎవరికీ చెప్పలేదు.

ఆ వారంలోనే అదే చోట ఇంకో మూడుసార్లు దిగాను. నాతోపాటు రోలింగ్ మిల్లులో పనిచేసే రమణ రోజూ నా పక్కనే సైకిల్ మీద వస్తాడు. చుట్టం కాదు, కానీ ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. నాలుగోసారి వాడు కూడా దిగాడు.

"ఏటి బావా, రోజూ ఇక్కడే దిగిపోతన్నావు? సైను ఊడిపోతందేటి?"

"సైను కాదు బావా, పన్ను లాగుతంది."

"పన్ను లాగితే దవడ పట్టుకుంటారు గానీ, గుండీల కాడ సెయ్యేటి?"

అప్పటిదాకా నా చెయ్యి చొక్కా గుండీల మీద ఉందని నాకే తెలియదు. సాయంత్రం నేను ఇల్లు చేరేలోపే వాడు మా ఆవిడ నూకరత్నానికి అంతా చెప్పేశాడు. అప్పుడు నా వయసు నలభై ఏడు. బీడీ, సిగరెట్టు అలవాటు లేదు. పద్మనాభం దగ్గర వరి చేలల్లో పెరిగిన ఒళ్లు. నాకు గుండె జబ్బేమిటని నవ్వాను. నూకరత్నం నవ్వలేదు.

మొదట తీసిన ఈసీజీ నార్మల్ అన్నారు. అయినా ట్రెడ్‌మిల్ టెస్టుకి రాశారు. ఛాతీ నిండా వైర్లు అంటించి, కదిలే పట్టా మీద నడిపించారు. రెండో స్టేజీలోనే డాక్టరు గారు "స్టాప్, స్టాప్" అన్నారు. బయటికి వచ్చి, "టీఎంటీ పాజిటివ్ అండీ" అని మా ఆవిడతో చెప్పారు. పాజిటివ్ అంటే మంచిదే అనుకుని ఆమె రెండు చేతులూ జోడించింది. డాక్టరు గారు కుర్చీ దగ్గరికి జరిపి, "మంచిది కాదమ్మా. కూర్చోండి, చెబుతాను" అన్నారు.

యాంజియోగ్రామ్‌లో గుండె ముందువైపు రక్తనాళం దాదాపు మూసుకుపోయి కనిపించింది. స్టెంట్ వేశారు. నాలుగు రోజులకి ఇంటికి పంపారు. అంతా అయిపోయిందనుకున్నాను. అసలు అలసట అప్పుడే మొదలైంది.

పొద్దున లేవగానే అలసట. స్నానం చేస్తే అలసట. నన్ను చూడడానికి వచ్చిన వాళ్లకి అదే కథ ఏడోసారి చెబుతుంటే మధ్యలో మాట ఆగిపోయేది. బీటా బ్లాకర్ అనే మాత్ర గుండెను నెమ్మదిగా కొట్టుకునేలా చేస్తుందన్నారు. నా మటుకు అది గుండెతోపాటు నన్నూ నెమ్మదింపజేసింది. మిల్లులో వద్దని నన్ను స్టోర్సుకి మార్చారు. కుర్చీలో కూర్చునే పని. కూర్చుని కూర్చుని ఇంకా అలసిపోయేవాణ్ని.

మూడు నెలలకి మళ్లీ టీఎంటీ చేసి డాక్టరు గారు అన్నారు: "సైకిల్ తొక్కండి సింహాచలం గారూ. చదునైన రోడ్డు మీద, నెమ్మదిగా. పల్స్ మాత్రం నూట పది దాటనివ్వకండి."

తొక్కుతూ తొక్కుతూ పల్స్ చూసుకోవడం ఎలా? దిగి, మణికట్టు మీద వేళ్లు పెట్టి, వాచీ చూస్తూ లెక్కపెట్టేవాణ్ని. నాడి దొరికేసరికే అది తగ్గిపోయేది. ఒక్కోసారి లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టేవాణ్ని. రోడ్డు పక్కన అలా నిలబడి ఉంటే తెలిసినవాళ్లు ఆగి, "ఏటైనాది? ఆటో ఎక్కించీమంటావా?" అని అడిగేవారు. వాళ్లకి జవాబు చెప్పలేక వారం రోజులు సైకిల్ బయటికి తియ్యలేదు. ఈ సంగతి చెప్పినప్పుడు డాక్టరు గారే, హార్ట్ రేట్ చూపించే సైకిల్ కంప్యూటర్లు వస్తున్నాయి, దొరికితే చూడమన్నారు. సైకిల్‌కి కంప్యూటరేమిటని అప్పటికి నవ్వుకున్నాను.

రమణా నేనూ ద్వారకా నగర్‌లో ఆటసామాన్ల షాపులన్నీ తిరిగాం. నాలుగు షాపుల్లో అసలు ఆ మాటే ఎవరికీ తెలియదు. అయిదో షాపు పెద్దాయన కృష్ణా జిల్లా మనిషి. కళ్లజోడు పైకి తోసి, "రేసులకాండీ?" అని అడిగారు.

"గుండెకండీ" అన్నాను.

ఆయన వెంటనే లోపలికి వెళ్లి మూడు పెట్టెలు తెచ్చారు. మొదటిది అందరూ కొనే రకం. స్పీడు, దూరం చూపిస్తుంది. గుండె ఊసు లేదు. రెండోదాని మీద వేలు ఆనించి కాసేపు ఉంచితే పల్స్ చూపిస్తుంది. చవక. నేను దానివైపే మొగ్గాను. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"వేలు ఆనించాలంటే ఒక చెయ్యి వదిలెయ్యాలి. చెమట పట్టిందా, అంకె రాదు. లారీలు తిరిగే రోడ్డు మీద మీరు దాన్ని చూసుకుంటూ తొక్కుతారా?"

మూడోదానికి ఛాతీకి కట్టుకునే పట్టీ ఉంది. పట్టీ గుండె చప్పుడు పట్టుకుంటుంది, హ్యాండిల్ మీది మీటరు అంకె చూపిస్తుంది, మధ్యలో వైరు ఉండదు. అందులోనూ రెండు రకాలు ఉన్నాయన్నారు. ఖరీదైనదైతే నెల రోజుల లెక్కలు దాచుకుంటుంది, ఎత్తు పల్లాలు చెబుతుంది, ఇంట్లో కంప్యూటరుకి తగిలించుకోవచ్చు. మా ఇంట్లో కంప్యూటరు లేదు. ఒక మాదిరి ధర రకంలో అవేమీ లేవు. ఆయన్ని నాలుగు ప్రశ్నలే అడిగాను. అంకె పెద్దదిగా, కళ్లజోడు లేకుండా కనిపిస్తుందా? నూట పది అని పెడితే అది దాటగానే కూత పెడుతుందా? పట్టీలో బ్యాటరీ మనమే మార్చుకోవచ్చా, అది గడియారం షాపుల్లో దొరికేదేనా? వానలో తడిస్తే పాడవుతుందా? నాలుగింటికీ ఆయన జవాబు సరిగ్గానే వచ్చింది. షాపులోనే పట్టీ కట్టుకుని కూర్చోమన్నారు. ఎంతసేపటికీ అంకె రాలేదు. ఆయన గ్లాసులో నీళ్లు తెచ్చి పట్టీ వెనక తడిపారు. అప్పుడు వచ్చింది, అరవై రెండు. రమణ నా మణికట్టు పట్టుకుని, పెదవులు కదుపుతూ నిమిషమంతా లెక్కపెట్టి, "అరవై మూడు. ఒకటి నాను ఎక్కువేసీసినానేమో" అన్నాడు. అదే కొన్నాం.

పొద్దున్నే పట్టీ తడిపి నా వీపు వెనక కొక్కెం పెట్టడం నూకరత్నం పనైంది. చన్నీళ్లు తగలగానే నేను ఉలిక్కిపడితే, "కదలకండి" అని కసిరేది. ఆ మీటరు కూతపెడితే దిగడం, తొంభైకి వచ్చాక ఎక్కడం. కొన్నాళ్లకి ఆరు కిలోమీటర్లు తొక్కగలిగాను. ఒంట్లో అలసట పోలేదు గానీ, భయం కొంచెం పలచబడింది.

ఒకరోజు చదునైన రోడ్డు మీద నెమ్మదిగా వెళుతున్నాను. రమణ పక్కనే ఉన్నాడు. మీటరు కూత మొదలుపెట్టింది. చూస్తే నూట ఎనభై. నేను చూస్తుండగానే రెండొందలు దాటింది. సైకిల్ దిగాను. రోడ్డు పక్కన చతికిలబడ్డాను. రమణ రెండు సైకిళ్లూ టీ కొట్టు దగ్గర పడేసి, ఆటో ఆపి, నన్ను క్యాజువాలిటీకి తీసుకుపోయాడు. ఈసీజీలో ఏమీ లేదు. పల్స్ డెబ్బై ఎనిమిది. డ్యూటీ డాక్టరు నా పట్టీని తిప్పి తిప్పి చూసి, "ఇది ఎక్కడ జరిగింది? పైన కరెంటు లైన్లు ఉన్నాయా?" అని అడిగాడు.

ఉన్నాయి. పెద్ద టవర్ల మీది హైటెన్షన్ లైన్లు. వాటి కింద ఇలాంటి మీటర్లు అంకె తప్పు చూపిస్తాయన్నాడు. మర్నాడు రమణ నా పట్టీ తనే కట్టుకుని, ఆ లైన్ల కింద నిలబడ్డాడు. మీటరు నూట తొంభై చూపించి కూతపెట్టింది.

"బావా, నాకూ గుండె జబ్బొచ్చీసినాదేటి!" అని రోడ్డు మీదే పగలబడి నవ్వాడు. స్టెంట్ వేశాక నేను గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఎక్కువ అంకె చూపిస్తే భయపడడం మానేశాను. పైన తీగలు ఉన్నాయేమో చూసేవాణ్ని. తక్కువ చూపిస్తే మాత్రం పూర్తిగా నమ్మేవాణ్ని. నా పొరపాటు అక్కడ ఉంది.

స్టెంట్ వేసిన ఆరో నెలలో, ఒక ఉదయం గొంతు కింద ఏదో బిగించినట్టయింది. మీటరు చూశాను. తొంభై ఆరు. నూట పదికి ఇంకా చాలా ఉంది కదా అని తొక్కుతూనే ఉన్నాను. మర్నాడూ బిగించింది. తొంభై నాలుగు. అది గ్యాస్ అయి ఉంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే గ్యాస్ కాదని నాకు తెలుసు. మళ్లీ ఆ ఆసుపత్రి, ఆ వైర్లు, ఆ పలకరింపులు తలచుకుంటేనే ఒళ్లు మొరాయించేది. నా బద్ధకానికి ఆ అంకె ఒక సాకుగా దొరికింది. అలా తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు.

పదో రోజు ఇంటి మెట్ల మీద సగంలో ఆగిపోయాను. పై మెట్టు మీద నుంచి నూకరత్నం చూసింది.

"ఏటండీ, అలగ నిల్సుండిపోయారు?"

"ఏటీ లేదు. ఇదిగో సూడు, తొంభయ్యే ఉన్నాది." సైకిల్ మీద నుంచి తీసిన మీటరు చేతిలోనే ఉంది. ఆమె ముందు పెట్టాను.

ఆమె దానివైపు చూడలేదు. నా మొహమే చూసింది. "నాను మిసన్ని అడగలేదు, మిమ్మల్ని అడుగుతన్నాను. నొప్పున్నాదా, లేదా?"

ఉందన్నాను.

"ఎన్నాళ్లనుంచి?"

చెప్పాను. ఆమె మెట్టు మీదే కూలబడింది. "పట్టీ రోజూ నా సేత్తో కట్టించుకుంటన్నారు. తొమ్మిది రోజులు! నా మొకం సూసి ఒక్క మాట సెప్పలేకపోయారా?" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది. లేచి వెళ్లి చెప్పులు వేసుకుని, "బేగి రండి" అంది.

మళ్లీ యాంజియోగ్రామ్. స్టెంట్ లోపలే మళ్లీ మూసుకుపోయింది. రీస్టెనోసిస్ అన్నారు. పక్కన ఇంకో నాళంలోనూ బ్లాక్ ఉంది. బైపాస్ తప్పదన్నారు. తొంభై ఆరే చూపించింది కదా అని నేను డాక్టరు గారిని అడిగాను, మీటరు మీద ఫిర్యాదు చేస్తున్నట్టు.

"మీటరు తప్పు చెప్పలేదండీ. మీ మాత్ర గుండె రేటును పట్టి ఉంచుతుంది, బ్లాక్‌ను కాదు. అప్పుడు నూట పది అన్నది ఆనాటి మీ నాళం చూసి. నాళం మారిపోయాక ఆ అంకెకి విలువేముంది? నొప్పి రాగానే వచ్చి ఉండాల్సింది."

ఆపరేషన్ గురించి ఎక్కువ రాయను. తెలివి వచ్చాక గొంతులో గొట్టం, దగ్గితే ఛాతీ రెండుగా విడిపోతుందేమోనన్న భయం, దిండు ఛాతీకి అదుముకుని దగ్గడం, బైపాస్ కోసం నాళం తీసిన కాలు వాచిపోవడం. ఇంటికొచ్చాక రెండు నెలలు వెల్లకిలా తప్ప పడుకోలేదు. ఎవరితోనూ మాట్లాడాలనిపించేది కాదు. ఇలా ఉండడం మామూలేనని, చాలామందికి ఉంటుందని డాక్టరు గారు చెప్పారు. ఆ మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. నూకరత్నం చాలా రోజులు నాతో అవసరమైన మాటే మాట్లాడింది. మందులు వేళకి ఇచ్చేది, కుట్లు తుడిచేది. కోపం మాత్రం దాచుకోలేదు. నేను కూడా పోగొట్టే ప్రయత్నం చెయ్యలేదు. ఒకరోజు గంజి తాగుతూ, "ఇవాళ ఎడం పక్క కొంచెం సలుపుతంది" అని నాకై నేను చెప్పాను. ఆమె గ్లాసు పక్కన పెట్టి, ఎక్కడో చూపించమంది. చెయ్యి వేసి చూసింది. కుట్ల నొప్పే. అప్పటి నుంచి కొంచెం కొంచెంగా మాటలు కలిశాయి.

ఇది జరిగి కొన్నేళ్లయింది. ఇప్పటికీ స్టోర్సులోనే పనిచేస్తున్నాను. మిల్లుకి తిరిగి వెళ్లలేదు, ఇక వెళ్లను. పొద్దున్నే సైకిల్ మీద చదునైన దారిలో నాలుగు కిలోమీటర్లు తొక్కుతాను. రమణ నాకోసం నెమ్మదిగా వస్తాడు. అది వాడికి విసుగే, కానీ పైకి అనడు. పట్టీ సాగిపోతే మా ఆవిడ కొత్త ఎలాస్టిక్ వేసి కుట్టింది. బ్యాటరీ రెండుసార్లు మార్చాను. మీటరు బాగానే పనిచేస్తోంది. అలసట ఉంది. కొన్ని ఉదయాలు సైకిల్ తాళం తియ్యడానికే ఓపిక ఉండదు. అలాంటి రోజు తియ్యను.

ఇలాంటి మీటరు ఎలాంటిది కొనాలని గుండె జబ్బు ఉన్నవాళ్లు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు. ఒక మాదిరి ధరలో పట్టీ ఉన్నది కొనమంటాను. షాపులోనే తడిపి కట్టుకుని, వేళ్లతో నాడి పట్టి సరిచూసుకోమంటాను. తొక్కేటప్పుడు ఛాతీలో, దవడలో, గొంతులో ఏ కాస్త తేడా అనిపించినా ముందు సైకిల్ దిగండి. దిగి, పక్కనున్న మనిషికి నోరు తెరిచి చెప్పండి. అంకె ఆ తర్వాత చూసుకోవచ్చు.