చల్లని మూల

ఆమె ఇంట్లో ఎండ తగలని చోటు ఒక్కటే. వెనకగదిలో, పక్క మేడ గోడకు ఆనుకున్న గచ్చు మూల. మిగతా ఇల్లంతా రేకుల కింద ఉంది. మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. ఆ మూలలో మనుషులు పడుకోరు. కొవ్వొత్తులు పడుకుంటాయి.

పెద్ద హోటళ్ల స్నానాలగదుల్లో వెలిగించే సెంటు కొవ్వొత్తులవి. వ్యాపారి మైనం, అచ్చులు, సెంటు ఇచ్చి పంపుతాడు. ఆ వీధి ఆడవాళ్లు ఇళ్లలో పోసి, బండి వచ్చేదాకా ఇళ్లలోనే దాచాలి. దాచడమంటే మాటలు కాదు. నిలబెడితే సెగకు నడుం వంచేస్తాయి, పడుకోబెట్టాలి. ఒకదానికొకటి అంటుకోకుండా పల్చటి కాగితం చుట్టాలి. ఎండ పడితే రంగు వెలుస్తుంది. పెట్టె మూత తెరిచి ఉంచితే సెంటు ఎగిరిపోతుంది. పొయ్యి దగ్గరుంటే వేయించిన ఉల్లిపాయ ఘాటు మైనానికి పట్టేస్తుంది. అందుకని ఆమె వంట వీధి గుమ్మం ముందు, నడినెత్తి ఎండలో.

వీధిలో ఆమెను కొవ్వొత్తుల వదిన అంటారు. భర్త లారీ డ్రైవరు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. ఉండేది ఆమె, అత్త. అత్తకు కాళ్ల వాపులు, ఎండాకాలం వస్తే ఊపిరాడదు. ఆ ఏడు కోడలు మంచాన్ని పెట్టెల పక్కన ఇరికించి, అత్త మోకాళ్లకు నొప్పుల మందు రాసి పడుకోబెట్టింది.

సరుకు చూసుకోవడానికి వ్యాపారి మనిషి వచ్చాడు. ప్రతి పెట్టె మూత తీసి వాసన చూస్తాడని వీధి అతనికి ముక్కుసారు అని పేరు పెట్టింది. ఒక కొవ్వొత్తి ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు.

"ఏంటమ్మా ఇది? మల్లెపూల వాసన రావాలి. ముసలాళ్ల వాసన వస్తోంది."

"మందు వాసన సార్. అత్తయ్యకి మోకాళ్లు..."

"మోకాళ్లు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. సరుకు అలా కాదు కదా! మంచం బయట వేసుకోండి. మళ్లీ వచ్చేసరికి ఇలాగే ఉంటే వేరే ఇల్లు చూసుకుంటాం."

మంచం మీది మనిషి వింటోందన్న సిగ్గైనా లేదు. ఆవిడే అంది: "నీ ముక్కు చల్లగుండ నాయనా! దాన్ని కూడా కాగితంలో చుట్టి దాచుకో, ఎండకి వంగిపోగలదు."

కోడలికి నవ్వాగలేదు. ముక్కుసారు విననట్టు వెళ్లిపోయాడు.

మర్నాడు కోడలు నీళ్లకు వెళ్లి వచ్చేసరికి మంచం రేకుల పంచలో ఉంది. మందు సీసా చెత్తబుట్టలో ఉంది.

"ఇదేం పని అత్తయ్యా?"

"నా కంపుకి నీ పని పోవడమెందుకే? ఇక్కడ గాలి బాగానే తగులుతోందిలే."

గాలి ఎక్కడిది, సెగ తప్ప? కోడలికి తెలుసు. తెలిసీ నమ్మినట్టు ఊరుకుంది, ఖాళీ అయిన చోట కొత్త పెట్టెలు పేర్చింది. ఒక మనిషి తన ఒంటి వాసనకు తానే సిగ్గుపడి వెళ్లి నిప్పుల్లో కూర్చుంది. రోత పుట్టాల్సింది మందు కంపుకు కాదు, ఆ మల్లెపూల సెంటుకు.

మధ్యాహ్నం అత్త మాట తడబడింది. ఒళ్లు కాలిపోతోంది, చుక్క చెమట లేదు. కోడలు పెట్టెలన్నీ గబగబా పంచలోకి లాగిపారేసి, ఆవిణ్ణి రెక్కలు పట్టి మూలలోకి తెచ్చి పడుకోబెట్టింది. తడిబట్టలు కప్పుతూ, విసురుతూ కూర్చుంది. సాయంత్రానికి అత్త కళ్లు తెరిచింది.

"పెట్టెలేవే?"

"బయట."

"పిచ్చిమొహమా, వంగిపోవూ?"

"వంగనీ," అంటూ కోడలు చెత్తబుట్టలోంచి మందు సీసా తీసి గూట్లో పెట్టింది.

వంగడమేమిటి, ముద్దయిపోయాయి. ముక్కుసారు మూత తీసి నెత్తి పట్టుకున్నాడు.

"మనిషి పోయేది సార్," అందామె.

"అలా ఉన్నప్పుడు మాకు కబురు చెయ్యాలమ్మా. సరుకు వేరే చోటికి మార్చేవాళ్లం."

ఈ మాట అతను చాలా మర్యాదగా అన్నాడు.

పని ఎదురింటికి పోయింది. ఎదురింట్లో చంటిపిల్ల ఉంది. ఆ ఇంటి చల్లని చోట్లోకి పెట్టెలు వెళ్లాయి, ఉయ్యాల రేకుల కిందికి వచ్చింది. కొవ్వొత్తుల వదిన చూసి గుమ్మం దాటి వెళ్లింది.

"చెల్లీ, ఉయ్యాల మా ఇంటికి తెచ్చెయ్. మూల ఖాళీగానే ఉంది."

పిల్ల ముసలావిడ పక్కన హాయిగా నిద్రపోయింది. సరుకు చూడ్డానికి ఎదురింటికి వచ్చిన ముక్కుసారు వీళ్ల కిటికీలోంచి తొంగిచూసి మెచ్చుకున్నాడు.

"చూశారా, కాస్త సర్దుకుంటే అందరికీ చోటు దొరుకుతుంది!"

సర్దుకున్నది రెండు కొంపలు. వ్యాపారికి మాత్రం గోదాము కట్టే బాధ తప్పింది.

అత్త మోచేతి మీద లేచింది. "అమ్మాయ్, ఆ మందు సీసా ఇటు తే. కిటికీకి కూడా రాస్తాను."